పెళ్లికొడుకు కోసిన కోళ్లు

పెక్వియా వాగు గట్టు, లాంకాస్టర్
అక్టోబరు, మొదటి సోమవారం

చెల్లి ఆరీకి,

ప్రభువు కృప నీ ఇంటి మీదా మా ఇంటి మీదా ఉండాలి. ఇక్కడ పొద్దున్న పొగమంచు, మధ్యాహ్నానికి మంచి ఎండ. మొక్కజొన్న సగం కోశారు. కోసిన చేలల్లో అడవి బాతులు అప్పుడే దిగిపోయాయి, ఈ ఏడు వాటికి తొందరెక్కువైంది.

నీకొక్కదానికే చెబుతున్నాను. తోటలో ఈసారి సెలెరీ ఎంత వేశానో చూస్తే ఎవరికైనా అర్థమైపోతుంది, పెళ్లి భోజనాలకి తప్ప అన్ని కాడలు ఎవరికి కావాలి? అర్థమైనవాళ్లు కూడా సంఘంలో చాటేదాకా నోరు మెదపరనుకో. మా అమ్మాయి లిడియాన్‌కి పెళ్లి కుదిరింది. పిల్లవాడు బెన్యుయెల్ ఎష్, మన ఎలాం కోళ్ల షెడ్డులో పనిచేస్తున్నాడు. నవంబరు చివరి గురువారం.

ఇంతలో కొత్త గొడవొకటి. బర్డ్ ఫ్లూ వచ్చిందట. ప్రభుత్వం తరఫున ఒకాయన ఇల్లిల్లూ తిరిగి కాగితాలు పంచాడు. పెరటి కోళ్లని బయటికి వదలకూడదు, పైన కప్పుండాలి, చుట్టూ వల ఉండాలి, అడవి పక్షి రెట్ట కూడా పడకూడదు. "ఏం పనికి పెంచుతున్నావమ్మా, గుడ్లకా, మాంసానికా?" అని అడిగాడు. పెళ్లికి అన్నాను. పెళ్లి అని ఆ కాగితంలో గడి లేదట, చాలాసేపు తల గోక్కున్నాడు పాపం.

అన్నింటినీ పట్టి పొగాకు కొట్టంలో పెట్టాను. పైన దూలాలకి మీ బావ ఆకు, కింద నా కోళ్లు. వాటికి నా మీద చెప్పలేనంత కోపం. సగం గుడ్లు మానేశాయి, మిగతా సగం ఒకదాని తోక ఒకటి పీక్కుంటున్నాయి. అమ్మ ఇచ్చిన జాతిలో చివరిది, నువ్వు "డీకనమ్మ" అని పేరు పెట్టిన గోధుమరంగు పెట్ట, వల వెంబడి అటూ ఇటూ తిరుగుతూ రోజంతా నన్ను తిడుతోంది.

ఎలాం నిన్న వచ్చాడు. వాడికీ కోళ్ల మాటే.

"అమ్మా, ఈ ఏడాదికి వాటిని తీసెయ్యవే. పెళ్లికి కొట్లో కొందాం. నా షెడ్డుకీ నీ కొట్టానికీ మధ్య ఉన్నది ఒక్క చేను. నాది పోయిందంటే కోళ్లిచ్చే కంపెనీ మళ్లీ నా మొహం చూడదు. నేనూ బార్బీ ఏం తిని బతకాలి?"

ఆలోచిస్తాను అన్నాను. నువ్వేమంటావు?

నీ అక్క,
సవిల్లా


మోహాక్ లోయ, న్యూయార్క్
అక్టోబరు నెలాఖరు

సవిల్లా అక్కకి,

మా కొండల మీద అప్పుడే ఒక పొర మంచు పడి కరిగిపోయింది. అందరం బాగున్నాం, దేవునికి స్తోత్రం. నీ ఉత్తరం చదివి వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే మీ మరిది వచ్చి ఏంటని అడిగాడు. రహస్యం అన్నాను. "సెలెరీయా?" అన్నాడు. మగాళ్లకి ఏమీ తెలీదనుకుంటాం గానీ.

కోళ్ల సంగతి. వాటికి ఊసుపోక పోట్లాట. ఒక క్యాబేజీని తాడుకి కట్టి, ఎగిరితే అందేటంత ఎత్తులో వేలాడదియ్యి. దాన్ని పొడుచుకుంటూ తోకలు వదిలేస్తాయి. మాకు ఇక్కడ ఆ జబ్బు రాలేదు, నావి ఇంకా పెరడంతా ఏలుతున్నాయి.

ఇక కొట్లో కొనడమంటావా? కొట్లో కోళ్లకి తలలే ఉండవు కదక్కా, పెళ్లికొడుకు ఏం నరుకుతాడు, గోళ్లా? పెళ్లి ముందు రోజు అత్తవారి పెరట్లో కోళ్ల తలలు అల్లుడే తియ్యాలి. ఆ పూట చూసే కదా అల్లుడెలాంటివాడో మనవాళ్లు చెప్పుకునేది. మీ మరిది ఆ రోజు వణికిపోయి ఒక పుంజుని సగం కోసి వదిలేస్తే అది సెలెరీ మడులన్నీ తిరిగొచ్చింది, నీకు గుర్తుందా? ఇరవై రెండేళ్లయినా ఇంకా పెళ్లిళ్లలో ఆ కథ చెబుతూనే ఉన్నారు. బెన్యుయెల్‌కి తలలేని కోళ్లిస్తే ముసలాళ్లు వాడిని జీవితాంతం వదలరు.

అయినా ఎలాం మాట పెడచెవిన పెట్టకు. వాడు ఊరికే భయపడే రకం కాదు.

నీ చెల్లి,
ఆరీ


పెక్వియా వాగు గట్టు
నవంబరు, రెండో వారం

చెల్లి ఆరీకి,

నాలుగు రోజులుగా ముసురు. ఆదివారం సంఘంలో పెళ్లి చాటారు, ఇక ఊపిరి పీల్చుకోవచ్చు. క్యాబేజీ పనిచేసింది. డీకనమ్మ మాత్రం దాన్ని ముట్టుకోదు, దానికి పంతం.

మూడు మైళ్ల అవతల ఎఫ్రాయిమ్ బ్లాంక్ వాళ్ల బాతులకి జబ్బు తగిలింది. ప్రభుత్వం పంపిన తెల్ల దుస్తులవాళ్లు వచ్చి, ఉన్నవాటినన్నిటినీ చంపి, రంపంపొట్టు కలిపి కుప్పేసి మగ్గబెట్టారు. గాలి ఇటు తిరిగితే వాసన మా ఉతికిన బట్టలకి పట్టేస్తోంది. ఎలాం ఇప్పుడు తన షెడ్డులోకి పోయే ముందు బూట్లు మందునీళ్లలో ముంచి, బట్టలు మార్చి, టోపీ కూడా వేరేది పెట్టుకుంటున్నాడు. బెన్యుయెల్ చేత కూడా అలాగే చేయిస్తున్నాడు. పైగా వేటకి పోవద్దని, అడవి బాతు ఈక కూడా ముట్టుకోవద్దని చెప్పాడు.

కోళ్ల విషయం తేలిపోయింది. మా కోళ్లే. నేనూ ఎలాం కొట్టం ముందు నిలబడి గట్టిగానే మాటా మాటా అనుకున్నాం. చివరికి వాడే తగ్గాడు.

"సరే, నీ ఇష్టం. కానీ ఒక్కటి అడుగుతాను, మాటియ్యి. నీ కోళ్లలో ఒక్కటి మెడ వాల్చినా, ఒక్కటి చచ్చినా, పెళ్లి ముందు రోజైనా సరే, ఆ క్షణమే నాకు చెప్పాలి. చెబితే బెన్యుయెల్‌ని కొన్నాళ్లు షెడ్డు వైపు రానివ్వను. నేనూ పెళ్లికి వచ్చి ఇంటికెళ్లి ఒళ్లు కడుక్కుని గానీ లోపలికి పోను."

మాటిచ్చాను. ఇవ్వడానికేముంది, నా కోళ్లు రాళ్లలా ఉన్నాయి.

మీ బావతో మాత్రం రోజూ గొడవే. ముసురుకి ఆకు బూజు పడుతుందని కొట్టం గోడ పలకలు తెరిచేస్తాడు. నేను వెనకాలే వెళ్లి మూస్తాను. "నీ కోళ్ల కోసం నా ఏడాది పంట కుళ్లబెట్టుకోనా?" అంటాడు. అదీ నిజమే. నేను చూడనప్పుడు తెరిచే ఉంటున్నాయని లోపల ఎగిరే పిచ్చుకల్ని చూస్తే తెలుస్తోంది.

బుధవారం పొద్దున్నకే వచ్చెయ్యండి. ఈకలు పీకడానికి నీ చేతులు కావాలి.

సవిల్లా


మోహాక్ లోయ
డిసెంబరు, మొదటి వారం

సవిల్లా అక్కకి,

క్షేమంగా చేరాం. వ్యానులో పదకొండు మందిమి, దారంతా నీ ఇంటి పెళ్లి భోజనం కబుర్లే. ఆ రొట్టె, ఆ కోడిమాంసం కలిపి కాల్చిన తీరు అమ్మ చేతిదే. లిడియాన్ నీలం గౌనులో ఎంత కుదురుగా కూర్చుంది! బెన్యుయెల్ కత్తి కూడా మెచ్చుకోవాలి, ఒక్క వేటుకి ఒకటి. మీ మరిదికి కాస్త సిగ్గేసింది.

ఒక్కటి అడగాలని ఉంది. కోపం తెచ్చుకోకు. బుధవారం ఈకలు పీకేటప్పుడు నా ఒళ్లోకి వచ్చిన ఒక పెట్టకి తురాయి నల్లబడి ఉంది, కాళ్ల మీద నెత్తురు మచ్చలున్నాయి. నిన్నడిగితే, మిగతావి పొడిచాయి అన్నావు. పీకేసి కుండలో వేశాను. తర్వాత చూస్తే వల వెనక డీకనమ్మ కనబడలేదు. ఆ సందడిలో అడగలేకపోయాను.

బెన్యుయెల్ కళ్లు ఎర్రబడ్డాయని లిడియాన్ రాసింది. ఈకల దుమ్మేమో, చామంతి కషాయంతో కడగమను.

నీ చెల్లి,
ఆరీ


పెక్వియా వాగు గట్టు
డిసెంబరు మధ్య

ఆరీకి,

ఇక్కడ గట్టి చలి. నేల బిగిసింది.

ఎలాం షెడ్డులో జబ్బు వచ్చింది. పెళ్లయిన తర్వాతి మంగళవారం గుడ్లు తగ్గాయి. గురువారానికి నడవాల నిండా చచ్చిన కోళ్లే. శనివారం తెల్ల దుస్తులవాళ్లు వచ్చి, తలుపులకి సందు లేకుండా అట్టలు కొట్టి గ్యాసు వదిలారు. లోపలి గోల కొంతసేపు వినబడి ఆగిపోయింది. ఎలాం కంచె దగ్గర టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. బార్బీ ఆ వచ్చినవాళ్లకి కాఫీ కాచి ఇచ్చింది.

మర్నాడు నా దగ్గర మిగిలినవాటినీ పరీక్ష చేశారు. వాటికీ ఉంది. అవీ పోయాయి. ఎలాం షెడ్డు నుంచి నా కొట్టానికి అంటుకుందని ఆఫీసరు అనుకుంటున్నాడు.

ఎలాం సాయంత్రం వచ్చి, "నావల్ల నీ కోళ్లు కూడా పోయాయి, నన్ను క్షమించమ్మా" అన్నాడు.

బెన్యుయెల్‌కి కూడా ఆ జబ్బే అని నర్సు చెప్పింది. కళ్ల వరకే, తగ్గిపోతోంది. పెళ్లికి వారం ముందు అతను ఎలాంకి తెలియకుండా వాగు దగ్గర బాతుల వేటకి వెళ్లాడట. ఇప్పుడది బయటపడింది. అందరూ తప్పు అతనిదే అంటున్నారు.

అంతా దేవుని చిత్తం. ప్రార్థన చెయ్యి.

సవిల్లా


మోహాక్ లోయ
క్రిస్మసు ముందు

అక్కా,

ఎలాం కోసం ఏడ్చాను. నీ కోసం కూడా.

కానీ నేనడిగినదానికి నువ్వు జవాబియ్యలేదు. డీకనమ్మ ఏమైంది?

ఆరీ


పెక్వియా వాగు గట్టు
జనవరి

చెల్లి ఆరీకి,

మోకాలి లోతు మంచు. పొయ్యి దగ్గర కూర్చుని ఈ ఉత్తరం ఎన్నిసార్లు మొదలుపెట్టానో.

డీకనమ్మ మంగళవారం పొద్దున్న చచ్చింది. పెళ్లికి రెండు రోజుల ముందు. మెడ వెనక్కి మెలితిరిగిపోయి ఉంది. దాని పక్కన ఇంకోటి. ఆ పొద్దున్నే ప్రార్థనకి వేసే బల్లలు బండి నిండా వచ్చాయి, వంట పొయ్యిలు వచ్చాయి, ఇల్లంతా ఆడవాళ్లు. ఎలాంకి చెప్పాలనే బయల్దేరాను ఆరీ, నిజంగా. చేను సగం దాటాను. చెబితే ఏమవుతుందో నడుస్తూ నడుస్తూ ఆలోచించాను. ఆఫీసుకి ఫోను చేస్తారు. తెల్ల దుస్తులవాళ్లు వస్తారు. మూడు వందల యాభై మంది పిలిచిన చుట్టాలు గేటు దగ్గరే ఆగిపోతారు. లిడియాన్ లోపల పైనాపిల్ ముక్కలు కోస్తూ పాడుతోంది. వెనక్కి తిరిగాను. సెలెరీ తీసేసిన మడిలో రెండింటినీ పూడ్చాను.

బుధవారం పొద్దున్న ఇంకొకటి రెక్కలు వేలాడేసింది. దాన్ని పక్కన పెట్టేసి ఉండొచ్చు. ఎందుకు పెట్టలేదో నాకే తెలీదు. పక్కన పెడితే జబ్బని ఒప్పుకున్నట్టని అనిపించింది. కాళ్లు పట్టుకుని బెన్యుయెల్‌కి అందించాను. అతను చేతిలోకి తీసుకుని, దాన్ని చూసి, నన్ను చూశాడు. రోజంతా కోళ్ల మధ్య ఉండేవాడు, అతనికి తెలీకుండా ఎలా ఉంటుంది? "కొయ్యి నాయనా" అన్నాను. కోశాడు. నీ ఒళ్లోకి వచ్చింది అదే.

పెళ్లయ్యాక బెన్యుయెల్ శుక్రవారమంతా ఇంట్లో సామాను కడిగి, శనివారం ఎలాం షెడ్డులో పనికెళ్లాడు. ఎలాం వద్దనలేదు. ఎందుకంటాడు? నేను ఏమీ చెప్పలేదు కదా.

మొన్న ఆదివారం కూటంలో బెన్యుయెల్ మోకరించాడు. బాతుల వేటకి వెళ్లి ఎలాం మాట మీరానని, ఆ తప్పువల్ల లిడియాన్ అన్నగారి జీవనం పోయిందని ఒప్పుకున్నాడు. కోడి మాట ఎత్తలేదు. నేను ఆడవాళ్ల వరసలో, నాలుగో బల్ల మీద కూర్చుని విన్నాను. లేచి నిలబడలేకపోయాను. ముక్కు తుడుచుకున్నాను అంతే. లిడియాన్ ముందు బల్లలో ఉంది, దాని మెడ వెనక భాగం ఎర్రబడిపోవడం కనబడింది.

సంఘం క్షమించింది. ఎలాం అందరికంటే ముందు వెళ్లి అతని చేయి పట్టుకున్నాడు.

ఇది చదివి చించెయ్యి.

సవిల్లా


మోహాక్ లోయ
జనవరి నెలాఖరు

అక్కా,

చించేశాను. చించినంత మాత్రాన ఏమొస్తుంది? నాకు తెలిసింది తెలిసినట్టే ఉంది.

ముందు నా సంగతి. కొట్లో కోళ్లకి తలలుండవని వెటకారం చేసింది నేను. నల్లబడిన తురాయి కళ్లారా చూసి, పీకి, కుండలో వేసింది నేను. మా ఊళ్లో ఆ జబ్బు లేదు గాబట్టి తెలీదు అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. తెలుసు. లిడియాన్ పెళ్లి పాడవకూడదని ఊరుకున్నాను. అందుకని నిన్ను తిట్టడానికి నాకు నోరు రావడం లేదు.

అయినా ఒక్కటి చెబుతాను, విను. వసంతంలో ప్రభురాత్రి భోజనం వస్తోంది. ఆ రొట్టె ముట్టుకునే ముందు నువ్వు ఎలాగూ నోరు విప్పుతావు, నిన్నెరగనా? కానీ కూటంలో మోకరించడం తర్వాత. ముందు ఎలాం దగ్గరికి వెళ్లు. వాడి పెరట్లో, వాడొక్కడే ఉన్నప్పుడు, మొహం చూసి చెప్పు.

ఎందుకంటావా? సంఘం ఒకసారి క్షమించాక ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తకూడదు. ఎత్తితే ఎత్తినవాళ్లదే తప్పు. అది నీకూ తెలుసు, వాడికీ తెలుసు. నువ్వు ముందు అక్కడ మోకరిస్తే వాడికి అరవడానికి కూడా వీలుండదు. వాణ్ణి అరవనియ్యి. ఏం విసిరికొడతాడో కొట్టనియ్యి. ఆ తర్వాత క్షమిస్తాడో లేదో వాడిష్టం. ఆ హక్కు వాడిదే, సంఘానిది కాదు.

బెన్యుయెల్‌ని చూస్తే ఏమనిపిస్తుందక్కా నీకు? నాకు ఇక్కడి నుంచే తలెత్తబుద్ధి కావడం లేదు.

ఆరీ


పెక్వియా వాగు గట్టు
ఏప్రిలు

చెల్లి ఆరీకి,

మంచు పోయింది. బఠాణీ విత్తాం. అడవి బాతులు ఉత్తరానికి వెళ్లిపోయాయి, మీ మీదుగానే పోయి ఉంటాయి.

నువ్వు చెప్పినట్టు చెయ్యలేకపోయాను.

వెళ్లాను. రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి ఎలాం ఖాళీ షెడ్డులో మోకాళ్ల మీద కూర్చుని తాపీతో నేల గీకుతున్నాడు. ఇంకా వాసన ఉంది. కంపెనీ మళ్లీ కోళ్లనిస్తుందో లేదో చెప్పడం లేదు. వాడు పగలు అల్మరాలు చేసే కొట్లో కూలికి పోయి, వచ్చాక ఇది గీకుతున్నాడు. నన్ను చూసి లేచాడు.

"ఏంటమ్మా, ఏమైనా కావాలా?"

"బార్బీకి ఆపిల్ మురబ్బా ఇద్దామని" అన్నాను. చేతిలో సీసా ఉంది, అది ముందే పట్టుకెళ్లాను. అంటే చెప్పనని నాకు ఇంటి దగ్గరే తెలుసన్నమాట. రెండోసారి సీసా లేకుండా వెళ్లి గేటు దగ్గర్నుంచే తిరిగొచ్చాను.

తర్వాత బిషప్పు ఇంటికెళ్లాను. అది సులువైంది. ఆయన తల పంకించి, "ఆదివారం చెప్పమ్మా" అన్నారు.

ఆదివారం మోకరించి అంతా చెప్పాను. డీకనమ్మ సంగతి, చేను సగం దాటి తిరిగొచ్చిన సంగతి, బెన్యుయెల్ చేతికి జబ్బు కోడినిచ్చి, అతను నింద మోస్తుంటే చూస్తూ కూర్చున్న సంగతి. నీ పేరు చెప్పలేదు. నన్ను బయటికి పంపి, క్షమించడం సమ్మతమేనా అని ఒక్కొక్కరినీ అడిగారు. తిరిగి పిలిచాక బిషప్పు గారి భార్య చేయి పట్టి లేపి ముద్దు పెట్టింది. ఎలాంని కూడా అడిగారట. మీ బావ చెప్పాడు. "నాకు సమ్మతమే" అన్నాడట, గొంతులో ఏ తేడా లేకుండా.

బయట బండి కడుతూ బెన్యుయెల్, "చలిగా ఉంది, శాలువా కప్పుకోండి అత్తయ్యా" అన్నాడు. అంతే అన్నాడు. లిడియాన్ నా వైపు తిరక్కుండా బండి ఎక్కింది.

నువ్వు రాసింది నాకు అప్పుడు అర్థమైంది. క్షమించమని ఎలాంని నేను అడగలేదు. అందరూ ఉన్నచోట, కాదనడానికి వీల్లేని చోట, వాడిచేత ఒప్పించాను. ధైర్యం చేశాననుకున్నాను. అది ధైర్యం కాదు, ఆరీ. వాడి కోపానికి భయపడి సంఘం వెనక దాక్కున్నాను.

ఇప్పుడు వాడు ఎప్పటిలాగే వస్తాడు. పంపు బాగుచేస్తాడు. బఠాణీ మొలిచిందా అని అడుగుతాడు. మనసులో మాట ఒక్కటీ ఉండదు. నిన్న గుడ్లు తెచ్చాడు. కొట్లో కొన్నవి, అట్టపెట్టెలో. పెళ్లయిన దగ్గర్నుంచీ నేను గుడ్డు కొని ఎరగను. పెట్టె నా చేతికియ్యలేదు, బల్ల మీద పెట్టాడు.

"నీకు గుడ్లుండవు కదా అమ్మా."

వెటకారం కాదు. వెటకారమైతే బాగుండేది. ఒక్కసారి తిట్టరా అని నా నోటిదాకా వచ్చింది. ఎలా అడగను? వాడు నోరు విప్పితే ఇప్పుడు తప్పు వాడిదవుతుంది. ఇప్పటికే వాడి దగ్గర తీసుకున్నది చాలు.

టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. పొద్దున్న మీ బావకి ఒక గుడ్డు ఉడకబెట్టి ఇచ్చాను. నేను కూడా ఒకటి వొలిచి ముందు పెట్టుకుని కూర్చున్నాను గానీ, తినలేకపోయాను.

నీ అక్క,
సవిల్లా